బాంబుల ఏడు, రంగం నడక, అట్లతద్ది నాటి ఓడ: విశాఖ జ్ఞాపకాలపై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల మాకు అందిన ఉత్తరాలలో చాలావాటి వెనుక ఒకే సంగతి కనిపిస్తోంది. ఇంట్లో పెద్దావిడ ఒక మాట చెబుతారు, చదువుకున్న వాళ్ళు అది తప్పంటారు, ఆ వాదం తెగక ఉత్తరం మా దగ్గరికి వస్తుంది. పెద్దవాళ్ళకు సంవత్సరం అంకె గుర్తుండకపోవచ్చు గాని, ఆ ఏడు ఏ పండుగ ముందు వచ్చిందో, ఆ పూట పొయ్యి మీద ఏముందో, ఎవరి బండి ఎక్కి ఏ ఊరు వెళ్ళారో గుర్తుంటాయి. ఆ గుర్తులను పంచాంగంతోనూ, దొరికిన కాగితంతోనూ సరిపోల్చి చూస్తే చాలాసార్లు ఆ పెద్దావిడ మాటే నిలబడుతుంది. ఈసారి ఆరు ఉత్తరాలకు జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా నాయనమ్మకు ఇప్పుడు తొంభై మూడేళ్ళు. శ్రీరామనవమి పానకం తాగిన పది పన్నెండు రోజులకు విశాఖపట్నం మీద బాంబులు పడ్డాయనీ, ఇంటికి తాళం పెట్టి ఎడ్లబండి మీద శృంగవరపుకోట వెళ్ళిపోయామనీ చెబుతుంది. మా పెదనాన్నగారు మాత్రం అది 1943లో జరిగిందని గట్టిగా అంటున్నారు. ఎవరి మాట సరైనది? (గాజువాక నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మీ నాయనమ్మగారి మాటే సరైనది. జపాను విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేసింది 1942 ఏప్రిల్ 6, సోమవారం నాడు. అదే రోజు కాకినాడ మీద కూడా దాడి జరిగింది. ముందు రోజు, అంటే ఈస్టరు ఆదివారం నాడు, కొలంబో రేవును జపాను వాళ్ళు దెబ్బతీశారు. బంగాళాఖాతంలోకి చొరబడిన వేరొక నౌకాదళం ‘ర్యూజో’ అనే విమానవాహక నౌకతో మన తీరం పొడవునా తిరిగి, కొద్ది రోజుల్లోనే ఇరవైకి పైగా వర్తక నౌకలను ముంచివేసింది. విశాఖ మీదకు వచ్చినవి ఆ ర్యూజో నుంచి లేచిన విమానాలే.

ఇప్పుడు పంచాంగం చూద్దాం. 1942లో ఉగాది మార్చి మూడో వారంలో వచ్చింది. ఆ ఏడు పేరు చిత్రభాను. కాబట్టి శ్రీరామనవమి మార్చి చివరి వారంలో పడుతుంది, ఏప్రిల్ 6 నాటికి నవమి వెళ్ళి పది పన్నెండు రోజులవుతుంది. మరుసటి ఏడు స్వభానులో ఉగాదే ఏప్రిల్‌లో వచ్చింది గనుక, 1943 అనుకుంటే ఏప్రిల్ మొదటి వారానికి నవమి ఇంకా రానే లేదు. ఎనభై ఏళ్ళకు పైగా గడిచినా మీ నాయనమ్మగారు రోజుల లెక్కతో సహా నిలుపుకున్న జ్ఞాపకం ఇది. పెదనాన్నగారికి ఈ సంగతి నెమ్మదిగా చెప్పండి. ఆయన పసివాడిగా ఉన్నప్పుడు విన్నదానికి తర్వాత ఎవరో ఒక అంకె తగిలించి ఉంటారు.

మా నాయనమ్మ బురుజుపేటలో ఉండేది. ఆమె నోట 1942 అన్న అంకెను నేనెప్పుడూ వినలేదు, ‘బాంబుల ఏడు’ అనేది. మా పెదనాన్నగారి పుట్టుకా, పక్కింటి వారి అమ్మాయి పెళ్ళీ, ఇంటి వెనుక నూతికి గిలక మార్పించడమూ అన్నీ ఆ ఏటికి ముందో వెనుకో లెక్క. ఊరు వదిలిన పూట పాలు పొయ్యి మీదే విడిచిపెట్టి, పాత ఆవకాయ జాడీని మాత్రం గోనెసంచిలో చుట్టి బండిలో పెట్టించిందట. ఇంటి తాళంచెవిని రొంటిన దోపుకుని, రెండు నెలలూ అక్కడే ఉంచుకుందట. ‘పాత ఆవకాయ’ అన్న ఒక్క మాటలోనే నెల తెలిసిపోతుంది. కొత్త కాయ ఇంకా కోతకు రాలేదన్న మాట. మీ నాయనమ్మగారిని కూడా, ‘ఏ సంవత్సరం?’ అని అడగకుండా, ‘అప్పటికి ఆవకాయ పెట్టారా? బండి ఎవరిది? తాళంచెవి ఎవరి దగ్గర ఉంది? తిరిగి వచ్చేసరికి వానలు పడ్డాయా?’ అని అడిగి చూడండి.

రేవుకు జరిగిన నష్టం కంటే ఊరికి పట్టిన భయం పెద్దది. పట్నం చాలావరకు ఖాళీ అయి, జనం విజయనగరం, శృంగవరపుకోట, చోడవరం, అనకాపల్లి వైపు చుట్టాల ఇళ్ళకు చేరుకున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని సైతం కొంతకాలం గుంటూరుకు తరలించారు. మీ ఇంట్లో ఆనాటి విశ్వవిద్యాలయ పట్టా కాగితాల మీద గుంటూరు పేరు కనిపిస్తే ఆశ్చర్యపోనక్కరలేదు.

ప్రశ్న: మా తాతగారి రైల్వే కాగితాలన్నింటి మీదా ‘వాల్తేరు’ అని ఉంది, మా అమ్మ మాత్రం వాళ్ళు విశాఖపట్నంలోనే ఉండేవారంటుంది. జనన ధ్రువపత్రంలోనేమో ‘విశాఖపట్నం జిల్లా’ అని ఉండి, ఊరు పేరు చూస్తే పాలకొండ. మా కుటుంబానిది ఏ ఊరని రాసుకోవాలి? (మర్రిపాలెం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ఇప్పుడు మనం విశాఖపట్నం స్టేషను అంటున్నదానికి 1987 వరకూ వాల్తేరు స్టేషను అనే పేరు. పాత పట్నానికి ఉత్తరాన ఎత్తైన నేల మీద దొరల బంగళాలు వెలసిన భాగాన్ని వాల్తేరు అనేవారు. రైలు వచ్చాక స్టేషనుకూ ఆ పేరే పెట్టారు. ఉత్తరం నుంచి వచ్చే బెంగాల్ నాగపూర్ రైల్వే, దక్షిణం నుంచి వచ్చే మద్రాసు కంపెనీ రైల్వే ఇక్కడ కలిసేవి, అందువల్ల రెండు కంపెనీల ఉద్యోగులకూ ఇదే ఊరు. మీ తాతగారి కాగితం మీది వాల్తేరు ఉద్యోగపు చిరునామా, అమ్మగారు చెప్పే విశాఖపట్నం ఇంటి చిరునామా.

ఇక జిల్లా సంగతి. పాలకొండతో సహా, తరువాత శ్రీకాకుళం జిల్లా అయిన ప్రాంతంలో చాలా భాగం 1950 వరకు విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. విజయనగరం జిల్లా 1979లో ఏర్పడింది. 1936 ఏప్రిల్‌లో ఒడిశా వేరే రాష్ట్రమయ్యేదాకా జయపురం, కొరాపుట్ కూడా ఈ జిల్లాలోనివే. పాత కాగితంలో జిల్లా పేరు చూసి ఊరు నిర్ణయించకండి, ఊరి పేరు చూసి నిర్ణయించండి. మీ పుట్టిల్లు పాలకొండ అనే రాసుకోండి.

ప్రశ్న: మా అమ్మమ్మ రంగూన్‌లో పుట్టింది. ఎనిమిదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు యుద్ధం వచ్చి, అడవులగుండా నడిచి ఇండియాకు వచ్చామని చెప్పేది. బర్మా క్యాంపులో ఉంటున్న మా బంధువులు, వాళ్ళంతా ఓడలో వచ్చారనీ, రంగూన్ నుంచి ఎవరైనా నడిచి వస్తారా అనీ నవ్వుతున్నారు. అమ్మమ్మ ఇప్పుడు లేదు. ఆమె చెప్పినదానికి ఆధారం ఏమైనా ఉందా? (కంచరపాలెం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మీ ఉత్తరం నాలుగైదు సార్లు చదివాను. అమ్మమ్మగారు చెప్పినది నూటికి నూరుపాళ్ళూ జరిగిన సంగతి. ఆమెను ఎవరూ నమ్మలేదన్న దిగులు ఇంకా మీకు ఉన్నట్టయితే, ఈ జవాబును మీ బంధువులకు చదివి వినిపించండి.

విశాఖ, శ్రీకాకుళం పల్లెల్లో రంగూన్‌ను ‘రంగం’ అనేవారు. ‘రంగం వెళ్ళాడు’ అంటే బతుకుతెరువు కోసం సముద్రం దాటాడని అర్థం. విశాఖపట్నం, కాకినాడ వంటి మన రేవుల నుంచి అక్కడికి స్టీమర్లు నడిచేవి. వెళ్ళినవాళ్ళు వడ్ల మిల్లుల్లో, రేవులో, రిక్షాల మీద, ఇళ్ళల్లో పనిచేశారు. గోదావరి పక్కనున్న కోరంగి రేవు పేరును బట్టి బర్మావాళ్ళు మన తెలుగువాళ్ళను ‘కోరంగీలు’ అన్నారు. కాలం గడిచేకొద్దీ ఆ మాటలో చిన్నచూపు చేరింది. ఆ పేరు విని చిన్నబుచ్చుకున్న పెద్దలు విశాఖలో ఇప్పటికీ ఉండవచ్చు, ఆ మాటను వారి ముందు జాగ్రత్తగా వాడండి.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. 1942 మార్చి 8న ఆ నగరం జపాను చేతికి చిక్కింది. ఈ రెండున్నర నెలల్లో ఓడల్లో చోటు దొరికినవాళ్ళు ఓడల్లో వచ్చారు. చోటు దొరకని లక్షలాది మంది కాలినడకనే బయలుదేరారు. ఒక దారి ప్రోమ్ నుంచి కొండలు దాటి టాంగుప్ మీదుగా అరకాన్ తీరానికి చేరి, అక్కడి నుంచి చిట్టగాంగు వైపు సాగేది. రెండోది ఉత్తరాన తము దాటి మణిపూర్‌లోకి, ఇంఫాల్ మీదుగా దిమాపూర్ రైలు దాకా వెళ్ళేది. వానలు మొదలయ్యాక ఆ కొండదారుల మీద కలరా, మలేరియా, ఆకలి ఎంతమందిని బలి తీసుకున్నాయో కచ్చితంగా లెక్క కట్టినవాళ్ళు లేరు. దిమాపూర్‌లో రైలెక్కి కలకత్తా మీదుగా వాల్తేరు స్టేషనులో దిగిన కుటుంబాలు మన జిల్లాలో ఎన్నో ఉన్నాయి.

మీ బంధువులు చెబుతున్నదీ నిజమే, అయితే అది వేరే కాలపు కథ. యుద్ధం తర్వాత కొందరు మళ్ళీ బర్మా వెళ్ళారు, మరికొందరు అసలు కదలనే లేదు. 1962లో అక్కడ సైనిక ప్రభుత్వం వచ్చి, 1964లో దుకాణాలనూ వ్యాపారాలనూ జాతీయం చేసి, యాభై, వంద చ్యాట్ నోట్లను రద్దు చేసింది. దాచుకున్న సొమ్ము ఒక్క రాత్రిలో చిత్తుకాగితమైంది. ఆ తరువాత కట్టుబట్టలతో ఓడలెక్కి వచ్చిన వాళ్ళకోసం ప్రభుత్వం శిబిరాలు వేసింది; మన కంచరపాలెం దగ్గరి బర్మా క్యాంపు పేరు ఆ రోజులదే. బర్మా నుంచి రావడమన్నది మన జనానికి రెండుసార్లు జరిగింది, ఇరవై ఏళ్ళ తేడాతో, రెండు దారుల్లో. మీ బంధువులు రెండోసారి వచ్చిన వాళ్ళయి ఉంటారు, అమ్మమ్మగారు మొదటిసారి వచ్చినవారు.

అమ్మమ్మగారు లేరన్నారు గాని, ఆమె చెప్పిన ఊళ్ళ పేర్లు మీకు ఏవైనా గుర్తున్నాయా? ‘టాంగుప్’, ‘అక్యాబ్’ అన్న పేర్లు వినిపిస్తే సముద్రతీరపు దారి, ‘తము’, ‘ఇంఫాల్’, ‘దిమాపూర్’ వినిపిస్తే కొండ దారి. పేర్లు మారిపోయి వినిపించినా సరే, మీ చెవికి ఎలా వినిపించాయో అలాగే రాసుకోండి, ఇప్పుడే సరిదిద్దకండి. నడిచినప్పుడు నెత్తిన పెట్టుకున్న మూటలో ఏముందో కూడా రాయండి. నాకు తెలిసిన ఒక ఇంట్లో రంగం నుంచి అలా తెచ్చిన లక్కపూత వెదురు పెట్టె ఒకటి ఉంది. నల్లని అంచు, లోపల ఎర్రని పూత, మూత మీద ఒక చోట నీళ్ళలో నానిన మచ్చ. ఆ మచ్చ ఏ వాగు దాటుతుంటే పడిందో ఆ ఇంటి పెద్దాయన చెప్పగలిగేవారు.

ప్రశ్న: విశాఖ హార్బరులోకి మొదటి ఓడ వచ్చినప్పుడు అట్లతద్ది రోజులని మా మేనత్త, జవహర్‌లాల్ నెహ్రూ వచ్చి ఓడను నీళ్ళలోకి దింపారని మా చిన్నాన్న చెబుతుండేవారు. పాఠ్యపుస్తకంలో డిసెంబరులో వైస్రాయి ప్రారంభించాడని ఉంది. మూడూ ఒకే సంగతి ఎలా అవుతాయి? (మల్కాపురం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఒకే సంగతి కాదు, మూడు సంగతులు. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ వారి ‘జలదుర్గ’ అనే ప్రయాణికుల ఓడ కొత్తగా తవ్విన కాలువలోకి ప్రవేశించింది. శ్రీముఖ నామ సంవత్సరంలో ఆ రోజు ఆశ్వయుజ బహుళ పక్షం మొదటి రోజుల్లో పడుతుంది. మీ మేనత్తగారు చెప్పిన అట్లతద్ది ఆశ్వయుజ బహుళ తదియ గనుక ఆమె చెప్పింది చక్కగా కుదిరింది. రెండు నెలల తర్వాత డిసెంబరు 19న వైస్రాయి లార్డ్ విల్లింగ్డన్ వచ్చి లాంఛనంగా ప్రారంభించాడు, పాఠ్యపుస్తకం చెప్పేది అది. మీ చిన్నాన్నగారు చెప్పింది 1948 మార్చి 14 నాటి మాట. సింధియా వారి నౌకా నిర్మాణ కేంద్రంలో కట్టిన మొదటి ఓడ ‘జలఉష’ను నెహ్రూ ఆనాడు జలప్రవేశం చేయించారు. రెండు ఓడల పేర్లూ ‘జల’ అనే మొదలవడమూ, రెండింటికీ సింధియా పేరు ఉండటమూ మీ ఇంటి జ్ఞాపకాలను కలిపేశాయి. మల్కాపురం పక్కన సింధియా అని మనం పిలిచే చోటికి ఆ పేరు ఆ కంపెనీ వల్లే వచ్చింది.

ఈ హార్బరు రాకముందు విశాఖ రేవు ఎలా ఉండేదో ఇప్పటి పిల్లలకు చెప్పాలి. పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేక సముద్రంలోనే లంగరు దించేవి. సరుకునూ మనుషులనూ మసూలా పడవల మీద అలల్లోంచి ఒడ్డుకు చేర్చేవారు. ఆ పడవ పలకలను మేకులతో బిగించరు, కొబ్బరి నార తాళ్ళతో కుడతారు. అల వచ్చి గుద్దినప్పుడు పలక విరగకుండా వంగుతుంది. దాన్ని నడపటం మన గంగపుత్రుల విద్య. మేఘాద్రి గెడ్డ వచ్చి సముద్రంలో కలిసే చోట ఉన్న ఉప్పుటేటి ఊబినేలను తవ్వి హార్బరుగా మార్చిన తరువాత, యారాడ కొండ నీడలోంచి ఓడలు నేరుగా లోపలికి రాసాగాయి. దక్షిణం నుంచి ఉత్తరానికి తీరం వెంట కొట్టుకొచ్చే ఇసుక కాలువ నోటిని పూడ్చివేయకుండా, రెండు పాత ఓడలను అక్కడ ముంచి వాటి చుట్టూ రాళ్ళు పేర్చి అడ్డుకట్ట కట్టారు. మధ్యపరగణాల మాంగనీసు ఖనిజాన్ని ఇక్కడికి తేవడానికి రాయపూర్ నుంచి విజయనగరానికి రైలుమార్గం 1931 నాటికే సిద్ధమైంది. ఊరి తీరు మారింది ఆ పదేళ్ళలోనే అని నా నమ్మకం. అంతకుముందు విశాఖపట్నం కచేరీలూ, కొద్దిపాటి వర్తకమూ ఉన్న జిల్లా పట్నం; తరువాత పల్లెల నుంచి కూలికి వచ్చినవాళ్ళ నగరం.

మీ మేనత్తగారు ఓడను ఏ చోట నిలబడి చూశారో అడిగారా? కాలువ పక్కన వరుసగా ఉన్న మూడు కొండల మీద మేరీమాత చర్చి, దర్గా, వెంకటేశ్వరస్వామి గుడి ఉన్నాయి. అక్కడి నుంచి చూస్తే కాలువలోకి వచ్చే ఓడ చేతికందేంత దగ్గరగా కనబడుతుంది. ఏ కొండ ఎక్కారో తెలిస్తే, ఆ రోజుల్లో మీ వాళ్ళ ఇల్లు పాత పట్నంలో ఏ వైపున ఉండేదో కూడా ఊహించవచ్చు.

ప్రశ్న: మా ఇంట్లో తాతల నాటి చిన్న పెట్టె ఉంది. లోపల గంధపు చెక్క, పైన తెల్లని దంతపు పలకలు, వాటి మీద నల్లని గీతలతో తీగలూ పూలూ. మూత తీస్తే చిన్న చిన్న అరలు. ఒక మూల పలక ఊడింది. ఒక దళారి దీన్ని మంచి ధరకు అమ్మిపెడతానంటున్నాడు. ఇది మన ఊరి పనేనా? (మహారాణిపేట నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ముందుగా, అమ్మకండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఏనుగు దంతంతో చేసిన వస్తువులను మన దేశంలో కొనడమూ అమ్మడమూ నేరం, ఎంత పాతదైనా సరే. ఇంట్లో ఉంచుకోవడానికి కూడా యాజమాన్య పత్రం ఉండాలి. మీ పెద్దలు ఎప్పుడైనా ప్రకటించి పత్రం తీసుకున్నారేమో పాత కాగితాల్లో వెతకండి, లేకపోతే అటవీశాఖ కార్యాలయానికి వెళ్ళి విషయం చెప్పి సలహా తీసుకోండి. దళారి మాట నమ్మితే చిక్కుల్లో పడేది మీరే.

మీరు వర్ణించిన తీరును బట్టి ఇది విశాఖపట్నం పనివారి పద్ధతే. పద్దెనిమిదో శతాబ్దం నడిమికే ఈ ఊరి కంసాలుల దంతపు పనికి విదేశీయులలో పేరు వచ్చింది. మొదట్లో రోజ్‌వుడ్, నల్ల చేవచెక్కలతో కుర్చీలూ బల్లలూ బీరువాలూ చేసి, వాటిలో దంతం పొదిగేవారు. తర్వాత చెక్క మొత్తాన్నీ పల్చటి దంతపు పలకలతో కప్పి, సన్నని పనిముట్టుతో గీతలు చెక్కి, ఆ గీతల్లో నల్లని లక్క నింపేవారు. వేలితో రాసి చూడండి. రంగు పూత అయితే పైన తగులుతుంది, లక్క నింపిన గీత దంతంతో సమంగా నునుపుగా ఉంటుంది. పందొమ్మిదో శతాబ్దంలో దొరసానుల కుట్టుపెట్టెలూ, రాతబల్లలూ ఎక్కువయ్యాయి. దంతంతోపాటు కొమ్మునూ, ముళ్ళపంది ముళ్ళనూ కూడా వాడారు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో వీటిని ‘వైజాగపటం’ పేరుతోనే దాచి ఉంచారు. ఇక్కడ పుట్టిన పనికి ఇక్కడ ఒక గది లేకపోవడం నాకు బాధ కలిగించే విషయం.

ఊడిన పలకను జిగురుతో అతికించకండి. మెత్తని నూలుగుడ్డలో చుట్టి పెట్టెలోనే ఉంచండి. తడిగుడ్డతో తుడవకండి, ఎండలో పెట్టకండి. దంతం తేమను పీల్చి వంకర తిరుగుతుంది. సముద్రపు గాలి తగిలే మహారాణిపేటలో కిటికీ పక్కన అసలు ఉంచకండి. ఆ అరల్లో ఎవరు ఏం దాచుకునేవారో మీ అత్తగారిని అడిగి, పెట్టె ఫొటో వెనుక రాసి పెట్టండి.

ప్రశ్న: మాది కోట వీధి. నేను పదో తరగతి చదువుతున్నాను. మా వీధిలో కోట ఎక్కడా లేదు కదా, మరి ఆ పేరెందుకు వచ్చింది? (పాత పట్నం నుంచి ఒక విద్యార్థిని)

జవాబు: చాలా మంచి ప్రశ్న అడిగావమ్మా. ఈస్టిండియా కంపెనీ వాళ్ళు 1682 ప్రాంతంలో ఇక్కడ తమ వర్తక స్థావరం పెట్టి, తరువాత దాని చుట్టూ కోట కట్టుకున్నారు. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ ఆ కోటను స్వాధీనం చేసుకున్నాడు. మరుసటి ఏడే విజయనగరం రాజా ఆనందగజపతి దాన్ని ఫ్రెంచివారి నుంచి తీసుకుని ఇంగ్లీషువారికి కబురు పంపాడు. 1780 అక్టోబరు 3న ఇక్కడే ఇంకొక పెద్ద సంగతి జరిగింది. హైదరాలీ మీద యుద్ధానికి మద్రాసు వెళ్ళడానికి ఓడ ఎక్కమంటే, కంపెనీ సిపాయిలు ఎక్కేది లేదని ఎదురుతిరిగారు. ఆ కొట్లాటలో ఇంగ్లీషు అధికారులు కొందరు చనిపోయారు. 1857కి డెబ్బై ఏడేళ్ళ ముందు, మీ ఇంటికి కూతవేటు దూరంలో.

కోట గోడలు పోయాయి గాని పేర్లు పోలేదు. కోట వీధి, సోల్జర్‌పేట, కొంచెం పైకి వెళితే బురుజుపేట. బురుజు అంటే కోట గోడ మూలల్లో కట్టే గుండ్రని బలమైన కట్టడం. పైకప్పు లేని కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి బురుజుపేటలోనే ఉంది, మార్గశిర మాసంలో మీ ఇంట్లోవాళ్ళు తప్పకుండా వెళుతూనే ఉంటారు.

ఈసారి వెళ్ళినప్పుడు మీ నాయనమ్మను వెంట తీసుకెళ్ళి, మీ వీధి మొదలు గుడి దాకా ఏ ఇల్లు ఎవరిదో, ఏ సందుకు ఇదివరకు ఏ పేరు ఉండేదో అడుగుతూ నడువు. ఒక నోటుపుస్తకంలో ఎడమ పేజీ మీద ఆమె చెప్పింది ఆమె మాటల్లోనే రాయి, కుడి పేజీ మీద ఇప్పుడు అక్కడ ఏముందో రాయి. నిండిన పుస్తకం మాకు పంపితే, వేరే చేత్తో ముట్టకుండా నీ రాతలోనే అచ్చు వేస్తాం.